కనిపించని ఊరికి టైమ్‌టేబుల్

నౌపడ నుంచి మా పర్లాకిమిడికి 1900లో సంస్థానం వారు వేయించిన నేరోగేజి లైను ఉండేది. ఆ బండి నడక మీద మా ఊళ్ళో వేయని హాస్యం లేదు. ముందు పెట్టెలోంచి దిగి, గట్టు మీది రేగుపళ్ళు కోసుకుని, తీరిగ్గా వెనక పెట్టె ఎక్కేయవచ్చనేవారు. ఇప్పుడు బ్రాడ్‌గేజి వచ్చింది, హాస్యం పోయింది. 2018 డిసెంబరు చివర్లో, నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లలకు న్యూ హొరైజన్స్ అనే అంతరిక్ష నౌక సంగతి చెబుతుంటే మాత్రం ఆ పాత బండి గుర్తుకొచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది:

“పదమూడేళ్ళు ప్రయాణం చేసి అక్కడ ఆగదా, మాస్టారూ?”

“ఆగదమ్మా. ఆగడం దాని వల్ల కాదు.”

“మరి ఎందుకు వెళ్ళినట్టు?”

ఆ రోజు నేను చెప్పింది సగం జవాబే. మిగతా సగం ఇక్కడ చెబుతాను.

ముందు ఆగకపోవడం సంగతి. ఆ నౌక 2006 జనవరి 19న బయలుదేరింది. బరువు 478 కిలోలు, అంటే ఒక చిన్న కారు బరువులో సగానికి అటూ ఇటూ. 2007లో గురుగ్రహం పక్కనుంచి పోతూ దాని ఆకర్షణతో మరింత వేగం పుంజుకుంది. 2015 జులై 14న ప్లూటోకు 12,500 కిలోమీటర్ల దూరంలోంచి పోయింది. ఆ తరవాత కైపర్ బెల్టులోని, అంటే నెప్ట్యూన్ అవతల సూర్యుడి చుట్టూ తిరిగే మంచుముద్దల వలయంలోని, ఒక చిన్న మంచుముద్ద వైపు సెకనుకు సుమారు 14 కిలోమీటర్ల వేగంతో సాగింది. పర్లాకిమిడి నుంచి బరంపురానికి కాకి ఎగిరినట్టు లెక్కగడితే తొంభై అయిదు కిలోమీటర్లుంటుంది. ఆ వేగానికి అది ఏడు సెకన్ల దారి. అంత వేగాన్ని అణచి నిలబడాలంటే, ఆ వేగం ఇచ్చిన రాకెట్టులాంటిదే మరొకటి వెంట మోసుకుపోవాలి. దాన్ని మోయడానికి ఇంకా పెద్ద రాకెట్టు కావాలి. ఆ లెక్కకు అంతు లేదు. కాబట్టి నౌక చేయగలిగింది ఒక్కటే: స్టేషనులో ఆగని రైలు కిటికీలోంచి ఊరి పేరు చదివినట్టు, పోతూ పోతూ చూడడం.

ఇక్కడ ఊరు మహా అయితే 36 కిలోమీటర్ల పొడవు. భూమికి 660 కోట్ల కిలోమీటర్ల దూరం. అసలు చిక్కు ఆ ఊరు ఎలా ఉంటుందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది. ఇలా ఆగకుండా పక్కనుంచి దాటిపోవడాన్ని ఫ్లైబై అంటారు. ఆ మాట అనగానే అందరూ ఫొటోల గురించి అడుగుతారు. నాకు ఆసక్తి కలిగించేది అంతకు ముందరి కథ. ఆ ఫొటో తీయడానికి కెమెరాను ఏ దిక్కుకు, ఏ క్షణాన తిప్పాలో ముందే ఎలా తెలిసింది?

ఈ ముద్దను 2014 జూన్ 26న హబుల్ టెలిస్కోపుతో కనుక్కున్నారు. అప్పటికి నౌక దారిలోనే ఉంది, ప్లూటోకు మరో ఏడాది ప్రయాణం. అంటే బండి బయలుదేరాక, చివరి స్టేషను ఎక్కడో వెతికారన్నమాట. అంతకుముందు భూమి మీది పెద్ద టెలిస్కోపులతో మూడేళ్ళు గాలించినా, మిగిలిన కొద్ది ఇంధనంతో నౌక చేరగల ముద్ద ఒక్కటీ దొరకలేదు. దానికి ఒక కారణం మన పంచాంగం చూసేవారికి చప్పున అర్థమవుతుంది. నౌక పోతున్నది ధనూరాశి వైపు. పాలపుంత నడిబొడ్డు ఉన్నది ఆ వైపే. అక్కడ ఆకాశం నిండా నక్షత్రాల పొడి. మనం వెతికే వస్తువు కంటితో చూడగల అతి మసక నక్షత్రం కంటే కోట్ల రెట్లు మసకైనది. ఆరబోసిన నువ్వుల్లో కదిలే నువ్వు ఏదో పట్టుకోవాలి.

పట్టుకున్నారు సరే. కనుక్కోవడం వేరు, దాని కక్ష్య తెలియడం వేరు. గురుడి కదలికను మనవాళ్ళు వేల ఏళ్ళుగా రాసిపెట్టుకున్నారు. ఇదే ఒడిశాలో, ఖండపడాలో కూర్చుని, టెలిస్కోపు లేకుండా వెదురు కర్రలతో చేసుకున్న పరికరాలతో పఠాణి సామంత గ్రహాల స్థానాలు కొలిచి ‘సిద్ధాంత దర్పణం’ రాశాడు. ఆయన గ్రహాలు అంతకుముందు ఎన్నోసార్లు చుట్టు తిరిగినవి. ఈ మంచుముద్ద సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టడానికి సుమారు మూడు వందల ఏళ్ళు పడుతుంది. నౌక దాన్ని దాటే నాటికి మనం దాన్ని చూసింది నాలుగున్నరేళ్ళు. ముగ్గులో ఒక మూల గీత చూసి మొత్తం ముగ్గు ఊహించమంటే ఎలా ఉంటుంది? అలాంటి పని అది.

దీనికి దొరికిన ఉపాయం గ్రహణం.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఆ నీడ హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా వచ్చి కోణార్కు దగ్గర సముద్రంలోకి దిగింది. ఆ రోజు మా ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టారు. పెరట్లో మాత్రం మా అమ్మమ్మ ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టినంతసేపూ నిలబడుతుందని నమ్మకం. రోకలి సంగతి అటుంచితే, గ్రహణంలో గట్టి విషయం ఒకటుంది. నీడ ఎక్కడ, ఏ క్షణాన పడిందో రాసుకుంటే, నీడ వేసిన వస్తువు ఎక్కడుందో లెక్క తేలుతుంది. చంద్రుడు సూర్యుణ్ణి మరుగుపరిచినట్టే, మంచుముద్ద ఏదో ఒక దూరపు నక్షత్రాన్ని మరుగుపరచవచ్చు. నక్షత్రకాంతి మనదాకా వచ్చేసరికి సమాంతరంగా ఉంటుంది. కనుక ముద్ద ఎంత వెడల్పో, భూమి మీద దాని నీడా అంతే వెడల్పు: ముప్ఫై కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. ఆ నీడ నేల మీద సెకనుకు ఇరవై అయిదు కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. నీడ దారిలో నిలబడిన మనిషికి నక్షత్రం ఒక సెకను, మహా అయితే రెండు సెకన్లు ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది.

ఆ దారిలో నిలబడాలంటే నక్షత్రం స్థానం ఎంత కచ్చితంగా తెలియాలో ఒకసారి లెక్క వేసి చూశాను. డిగ్రీని 36 లక్షల భాగాలు చేయండి. అందులో ఒక్క భాగం తేడా వస్తే, ఆ దూరానికి నీడ ముప్ఫై కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది. అంటే నీడ మొత్తం మనల్ని తప్పించుకుపోతుంది. ఐరోపా వారి గయా ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను అంత సన్నగా కొలుస్తూ ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ప్రయత్నమే దండగ అయ్యేది.

అయినా మొదటి వేట విఫలమైంది. 2017 జూన్ 3న అర్జెంటీనాలోను, దక్షిణాఫ్రికాలోను గురిపెట్టిన టెలిస్కోపుల్లో ఒక్కదానికీ నీడ తగల్లేదు. జులై 17న మళ్ళీ అర్జెంటీనాకే వెళ్ళారు. దక్షిణ కొసన పటగోనియాలో, కొమొదొరొ రివదావియా అనే ఊరు. అక్కడ చలికాలం, విసురుగాలి. టెలిస్కోపు ఒణికితే ఆ ఒక్క సెకనూ గాలికి పోతుంది. ఊరివాళ్ళు వీధిదీపాలు ఆర్పేశారు. జాతీయ రహదారిని రెండు గంటలపాటు మూసేశారు. గాలికి అడ్డంగా లారీలు తెచ్చి నిలబెట్టారు. నీడ దారికి అడ్డంగా కంచె కట్టినట్టు ఇరవై నాలుగు టెలిస్కోపులు బారుతీరాయి. వాటిలో అయిదింటికి నక్షత్రం కన్నుగీటింది.

అయిదు చాలు. ఒక్కో టెలిస్కోపు దగ్గర నక్షత్రం ఎంతసేపు ఆరిందో ఆ సమయాన్ని నీడ వేగంతో గుణిస్తే ఒక గీత పొడవు వస్తుంది. అయిదు గీతలను పక్కపక్కన పేరిస్తే ఆకారం కనిపిస్తుంది. అది గుండ్రంగా రాలేదు. సాగిన ముద్ద కావచ్చు, రెండు ముద్దలు కలిసినదైనా కావచ్చు. నౌక ఇంకా ఏడాదిన్నర దూరంలో ఉండగానే, ఎవరూ చూడని వస్తువు ఆకారం నేల మీది చీకటి సెకన్లలోంచి బయటికి వచ్చింది. నన్నడిగితే ఈ మొత్తం కథలో గొప్ప రోజు అదే, నౌక దాటిన రోజు కాదు. 2018 ఆగస్టులో సెనెగల్‌లో మరోసారి నీడ పట్టారు. దాంతో దారి ఇంకొంచెం గట్టిపడింది.

ఆ నెలలోనే, 17 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి నౌక తన కెమెరాతో తొలిసారి లక్ష్యాన్ని చూసింది. ఇంకేం, కళ్ళబడిందిగా అనిపిస్తుంది. అక్కడ మరో మెలిక ఉంది. రాత్రిపూట రాయగడ వైపు కొండదారిలో బస్సులో ముందు సీట్లో కూర్చున్నవారికి ఇది తెలుసు. ఎదురుగా లారీ దీపాలు కనిపిస్తాయి. రోడ్డుకు ఎడమనా కుడినా అన్నది ఇట్టే చెప్పగలం. ఎంత దూరంలో ఉందో మాత్రం దగ్గరికి వచ్చేదాకా తెలియదు. నౌకకూ అంతే. ముద్ద సరిగ్గా ఎదురుగా ఉంది కాబట్టి అటూ ఇటూ ఎంత జరిగిందో కెమెరాకు స్పష్టంగా తెలుస్తుంది. ముందుకు ఎంత దూరమన్నది తెలియదు. దూరం తెలియకపోతే దాటే క్షణం తెలియదు. ఒక నిమిషం లెక్క తప్పితే, కెమెరా చూసే చోటుకూ ముద్ద ఉన్న చోటుకూ 850 కిలోమీటర్ల తేడా. అందుకని ఒక్క చోటికి గురిపెట్టి ఊరుకోలేదు. ముద్ద ఉండే అవకాశమున్న ఆకాశపు ముక్క మొత్తాన్ని వరసగా ఫొటోలు తీసేలా ఏర్పాటు చేశారు. చాలా ఫొటోల్లో ఉత్త నలుపే వస్తుందని తెలిసే తీశారు.

ఇంకో భయం దుమ్ము. ఆ వేగంలో బియ్యపుగింజంత రాయి తగిలినా నౌక పని అయిపోతుంది. ముద్ద చుట్టూ వలయాలు, చిన్న చందమామలు ఉన్నాయేమో నౌక కెమెరాతోనే వెతికారు. ఉంటే పదివేల కిలోమీటర్ల దూరపు దారి, లేకపోతే 3,500 కిలోమీటర్ల దగ్గరి దారి అని రెండు దారులూ సిద్ధంగా పెట్టుకున్నారు. డిసెంబరు మధ్యలో దగ్గరిదే ఖాయం చేశారు.

ఆ తరవాత భూమి మీదివారు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. రేడియో మాట అక్కడికి చేరడానికి ఆరు గంటలు, జవాబు రావడానికి ఇంకో ఆరు గంటలు. కాబట్టి ఏ సెకనుకు ఎటు తిరగాలి, ఏ కెమెరా తెరవాలి అన్నదంతా ముందే రాసి పంపారు. ఖర్చూ బరువూ తగ్గించడం కోసం నౌకలో కెమెరాలు, యాంటెన్నా అన్నీ ఒంటికి బిగించి పెట్టారు. ఫొటో తీయాలంటే నౌక ఒళ్ళంతా తిరగాలి. అలా తిరిగితే యాంటెన్నా భూమి వైపు ఉండదు. చూస్తున్నప్పుడు మాట్లాడలేదు, మాట్లాడుతున్నప్పుడు చూడలేదు. పెళ్ళిలో ఫొటోగ్రాఫరు పరిస్థితే.

2019 జనవరి 1 ఉదయం మా వీధిలో ధనుర్మాసపు ముగ్గుల మధ్య ఆ ఒక్కరోజు వచ్చే ముగ్గు వెలిసింది: రంగుల్లో ‘హ్యాపీ న్యూ ఇయర్’. మన గడియారంలో 11 గంటల 3 నిమిషాలకు నౌక మంచుముద్దకు అతి దగ్గరగా వచ్చింది. పిల్లలు నా ఫోను చుట్టూ మూగారు. చూడడానికి ఏమీ లేదు. అసలు ఆ క్షణంలో ఎవరికీ ఏమీ తెలియదు. నౌక క్షేమమన్న కబురు రాత్రి తొమ్మిది గంటలకు స్పెయిన్‌లోని యాంటెన్నాకు అందింది. అప్పటికి పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

అంతకు ముందురోజు తీసిన ఫొటో ఒకటి మాత్రం వచ్చింది. లెక్క వేసి చూడండి. ఇరవై నాలుగు గంటల ముందు నౌక పన్నెండు లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ కెమెరాకు అక్కడి నుంచి ముద్ద పొడవు ఆరు చుక్కలు. ఆరు చుక్కల ముగ్గు పెట్టిన ఆడపిల్లకు తెలుసు, దానితో పెద్ద బొమ్మేమీ రాదు. మర్నాటికి ఆ ఆరు చుక్కలు వెయ్యి చుక్కల వెడల్పున్న కెమెరా చట్రాన్ని దాటిపోయేంతగా పెరిగాయి. అతి దగ్గరగా ఉన్నప్పుడు కూడా ఆ ముద్ద నౌక నుంచి మన పున్నమి చంద్రుడంతే ఉంటుంది. అదీ నాలుగైదు నిమిషాలు. తరవాత మళ్ళీ చిన్నదైపోతుంది. అక్కడ ఎండ మన ఎండలో దాదాపు 1,900వ వంతు. ఆ మసకలో, ఆ పరుగులో, చెదరకుండా ఫొటో తీయడమంటే మాటలు కాదు.

దగ్గరికి పోతున్న రోజుల్లో ఒక సంగతి అందర్నీ తికమకపెట్టింది. నీడల లెక్క ప్రకారం ముద్ద పొడుగ్గా ఉంది. పొడుగుది గిర్రున తిరుగుతుంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. ఇది మాత్రం ఒకే తీరుగా వెలుగుతోంది. జవాబు మీ ఇంట్లోనే ఉంది. ఫ్యానును తలుపు దగ్గర పక్కనుంచి చూస్తే రెక్క ఒకసారి వెడల్పుగా, ఒకసారి సన్నగా కనిపిస్తుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని కిందనుంచి చూస్తే రెక్కలన్నీ ఎప్పుడూ పూర్తిగా కనిపిస్తూనే ఉంటాయి. ఆ ముద్ద తన ఇరుసును దాదాపు నౌక వైపే చూపిస్తూ, పదహారు గంటలకు ఒక చుట్టు తిరుగుతోంది. నౌక వెల్లకిలా పడుకుని చూసిందన్నమాట.

జనవరి 2న విడుదలైన ఫొటోలో రెండు గుండ్రటి ముద్దలు, ఒక పెద్దది, ఒక చిన్నది, మెడ దగ్గర అతుక్కుని ఉన్నాయి. పెద్ద లడ్డూకు చిన్న లడ్డూ తగిలించినట్టు. పత్రికలన్నీ మంచుమనిషి అన్నాయి. మంచు చూడని మా పిల్లలకు లడ్డూయే నయం. అంతలో కబుర్లు ఆగిపోయాయి. దాదాపు వారం రోజులు ఏమీ రాలేదు. పిల్లలు పాడైపోయిందేమో అనుకున్నారు. కారణం వాళ్ళ వాకిట్లోనే ఉంది. ధనుర్మాసమంటే సూర్యుడు ధనూరాశిలో ఉండే నెల. నౌక ఉన్నదీ ఆ వైపే. మనకూ నౌకకూ నడుమ సూర్యుడు వచ్చి నిలబడ్డాడు. ఆయన రేడియో రొదలో నౌక గొంతు వినబడదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి మొహం వెలిగింది. ముగ్గు వేసే నెలకూ అంతరిక్ష నౌకకూ పొత్తు ఉంటుందని ఎవరనుకుంటారు?

సూర్యుడు తొలగిన తరవాత కూడా గొంతు గొంతే, సెకనుకు వెయ్యి నుంచి రెండువేల బిట్లు. మీ ఫోనులోని మూడు మెగాబైట్ల ఫొటో ఒకటి వెయ్యి బిట్ల చొప్పున రావాలంటే ఆరున్నర గంటలు దాటుతుంది. పోగుచేసినదంతా పంపడానికి ఇరవై నెలలు పడుతుందని ముందే చెప్పారు. కొద్ది నిమిషాల చూపు, ఇరవై నెలల కబురు.

అలా తాపీగా వచ్చిన వాటిలో కొన్ని వెనక్కి తిరిగి తీసిన ఫొటోలు. ముద్దను దాటిపోయాక, ఎండ అవతలి పక్కన పడుతుండగా తీసినవి. వాటిలో ముద్ద సన్నటి నెలవంకలా ఉంది, మిగతాదంతా చీకటి. ఆ చీకట్లో అంచు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? వెనక ఉన్న నక్షత్రాలు ఏవి కనిపిస్తున్నాయో, ఏవి మరుగున పడ్డాయో చూశారు. పటగోనియాలో చేసిన పనినే ఈసారి నౌక చేసింది. తేలినదేమిటంటే పెద్ద లడ్డూ లడ్డూ కాదు, అరిసె. చిన్నది నొక్కిన సున్నుండ. ఫిబ్రవరి 8న ఈ కబురు వచ్చేసరికి సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బా అడుగున ఉన్నాయి. ఒడియా ఇళ్ళలో ఆరిసా పిఠా అంటారు, వస్తువు ఒకటే. రంగు కూడా ఆ ఎరుపే, దాదాపుగా.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. ఎందుకు వెళ్ళినట్టు? సూర్యుడి చుట్టూ గ్రహాలు ఎలా కూడుకున్నాయన్న వాదంలో రెండు పక్షాలున్నాయి. చిన్న ముద్దలు వేగంగా ఢీకొని, పగిలి, మళ్ళీ కలిసి పెద్దవయ్యాయని ఒక పక్షం. దుమ్ము, గులకల మబ్బు ఒకటి తన బరువుకు తానే నెమ్మదిగా కుంగి ముద్దలైందని మరో పక్షం. సూర్యుడి వేడి తగలక, ఎవరితోనూ పెద్దగా ఢీకొనక, 450 కోట్ల ఏళ్ళుగా ఉన్నచోటే ఉన్న ముద్ద దొరికితే తగవు తీరుతుంది. ఈ ముద్ద మెడ దగ్గర పగుళ్ళు లేవు, నలిగిన గుర్తులు లేవు. రెండు భాగాలూ మనిషి నడకంత వేగంతో వచ్చి ఆనుకున్నాయి. అదీ ఎక్కువే కావచ్చు. 2020లో వెలువడిన పరిశోధన పత్రాలు మబ్బు పక్షానికే బలమిచ్చాయి. ఆగకుండా పోయిన బండి కిటికీలోంచి చదివిన పేరు ఇది.

నిజంగా పేరు కూడా పెట్టారు. మొదట వాడిన ‘అల్టిమా థూలీ’ అనే ముద్దుపేరుకు నాజీల వాసన ఉందని విమర్శలు వచ్చాయి. 2019 నవంబరులో దాన్ని వదిలి అరొకోత్ అన్నారు. పౌహటన్ అనే అమెరికా ఆదివాసీల భాషలో ఆకాశమని అర్థం. నౌకను నడిపే కేంద్రం ఉన్న చెసపీక్ తీరప్రాంతపు ఆదివాసులు వాళ్ళు. అక్కడి పమంకీ తెగ పెద్దలను అడిగి పెట్టారు. ఆ భాష ఇప్పుడు మాట్లాడేవారు లేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువులు కట్టిన ఊరు మాది. కొండ దిగి సంతకు వచ్చే సవరవారి నోట ఆ భాష ఇప్పటికీ వింటున్నాం. ఆకాశంలో ముద్దలు ఇంకా లక్షల్లో ఉన్నాయి, పేర్లకు సవరలోనూ మాటలకు కరువు లేదు.

నౌక ఇంకా పోతూనే ఉంది. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి అరవై రెట్లు దాటింది. కొద్దిగా ఇంధనం మిగిలింది. చేరగల దూరంలో మరో ముద్ద ఉందేమోనని హవాయిలోని సుబారు టెలిస్కోపుతో గాలిస్తున్నారు. దొరికితే మళ్ళీ ఇదే వరస: ముందు నువ్వుల్లో నువ్వు, తరవాత నక్షత్రం వెనక నీడ, ఆ నీడ ఏ నేల మీద పడితే అక్కడికి టెలిస్కోపులు. ఆ దారి ఏ దేశం మీదుగా పోతుందన్నది మనుషుల ఇష్టం కాదు. మహేంద్రగిరి మీదుగా పోయిందనుకోండి, గాలికి అడ్డం పెట్టడానికి పర్లాకిమిడిలో లారీలకు కొదవ లేదు. వీధిదీపాలు ఆర్పడానికి ఎవరినీ బతిమాలనక్కర్లేదు. ఎండాకాలమైతే అవి తమంతట తామే ఆరిపోతాయి.